ధౌలా కువాన్‌లో ఒక ఛాందసుడు

మా మనుమరాలు తన స్నేహితురాళ్లకు నన్ను పరిచయం చేసేటప్పుడు "మా తాతయ్య ఛాందసుడు" అని చెబుతుంది. ఆ మాటలో నింద ఏమీ లేదు. "మా తాతయ్యకు మోకాళ్ల నొప్పులు" అన్నంత సహజంగా చెబుతుంది. మొదట్లో నేను అభ్యంతరం చెప్పేవాడిని. ఛాందసుడంటే మడి కట్టుకొని కూర్చునేవాడని మా కాలంలో అర్థం. నాకు ఆ అలవాటు లేదు. అయితే ఉన్నదానిని పడగొట్టే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి అనేవాడికి తెలుగులో వేరే పేరు దొరకలేదు కనుక, ఆ బిరుదును స్వీకరించి ఊరుకున్నాను.

మేముండేది ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర, సత్య నికేతన్‌లో. ధౌలా కువాన్ అంటే తెల్ల బావి. మొగలు చక్రవర్తి షా ఆలం కాలంలో తవ్వించిన బావి అనీ, దాని నీటిలో తెల్లని ఇసుక కనిపించేది కనుక ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. ఆ బావి నేడు ఒక ఉద్యానవనంలో ఉన్నది. దాని పేరు మాత్రం రింగు రోడ్డు, విమానాశ్రయం దారి కలిసే ఒక మహా కూడలికి దక్కింది. గుర్‌గావ్‌కూ జైపూరుకూ పోయే బస్సుల కోసం రోజూ అక్కడ వేలమంది నిలబడతారు. వారిలో బావిని చూసినవాడు ఒక్కడు కనిపిస్తే నేను కాఫీ ఇప్పిస్తాను. ఇంతవరకు ఆ ఖర్చు తగలలేదు.

తెలుగువారికి ఈ ప్రాంతం పరాయిది కాదు. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల మా వీధికి ఎదురుగానే ఉన్నది. డాక్టర్ కె.ఎల్. రావు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ వంటి పెద్దల కృషి దాని వెనుక ఉన్నది. 2018లో ఇక్కడ మెట్రో స్టేషను తెరచినప్పుడు దానికి దుర్గాబాయి పేరే పెట్టారు. రాజమండ్రిలో పుట్టిన ఆమె పేరును రైలులో హిందీ గొంతు రోజుకు కొన్ని వందలసార్లు పలుకుతుంది. కొత్త వాటికి పాతవారి పేర్లు పెట్టడం నా వంటివాడిని శాంతింపజేయడానికి ప్రభుత్వాలు కనిపెట్టిన చవకైన మార్గం. అది తెలిసి కూడా నేను ప్రతిసారీ సంతోషిస్తాను.

ఇక రాజకీయాలు. నేను పుట్టినది గుంటూరు జిల్లాలో, నాలుగెకరాల రైతు ఇంట. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానించినప్పుడు నాకు 15 ఏళ్లు. ఆ తీర్మానం మా ఊరికి చేరేసరికి దాని రూపం మారింది: "గట్లు తీసేస్తారట" అన్నారు. మా నాయనగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మరునాడు తెల్లవారకముందే పొలానికి వెళ్లి, కూలిపోయి చాలా కాలమైన ఒక గట్టును ఒంటరిగా పోసుకొని వచ్చారు. నేను ఛాందసుడిని అయినది ఆ ఉదయమే అనుకుంటాను. మార్పు అంటే నాకు భయం లేదు. ఎన్నడూ అరక పట్టనివాడు మన గట్టును చెరిపివేసి, ఫలితం వికటిస్తే దాని బాధ మనకు వదిలి వెళ్లిపోతాడే, ఆ ఏర్పాటు అంటే భయం.

నిడుబ్రోలు నుంచి వచ్చిన ఆచార్య ఎన్.జి. రంగా ఆ తీర్మానాన్ని ఎదిరించి కాంగ్రెసును వీడారు. రాజాజీ ప్రేరణతో అదే సంవత్సరం వెలసిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. దాని గుర్తు నక్షత్రం. 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 స్థానాలు గెలిచింది. 1971 నాటికి 8కి దిగి, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. జమీందారుల పార్టీ అని దానిని ఎగతాళి చేసేవారు. జమీందారులు అందులో ఉన్న మాట నిజమే. నాలుగెకరాలవాడు కూడా ఉన్నాడన్నది ఎవరూ చెప్పరు. రంగాగారు తరువాత తిరిగి కాంగ్రెసుకే వెళ్లి 1980లో గుంటూరు నుంచి గెలిచారు. అందుకు నేను ఆయనను మనసులో చాలాకాలం క్షమించలేదు. ఇప్పుడు ఆయన చేరిన వయసుకు నేనూ చేరాను కనుక కొంత క్షమించాను.

1966లో నేను గుమాస్తాగా ఢిల్లీ వచ్చాను. విధి పరిహాసం చూడండి: రాజాజీ ఏ లైసెన్సు పర్మిట్ రాజ్యాన్ని తూర్పారబడుతున్నారో, సరిగ్గా ఆ యంత్రంలోనే నేనొక మేకు. యంత్రాలకూ ముడిసరుకులకూ అనుమతి కోరుతూ దేశం నలుమూలల నుంచి దరఖాస్తులు వచ్చేవి. వాటి మీద "పరిశీలనలో ఉన్నది" అని రాయడం నా ఉద్యోగం. కోయంబత్తూరు నుంచి ఒక చిన్న కార్ఖానాదారు మూడేళ్లు వరుసగా వచ్చేవాడు. మూడో ఏట అతడు నా బల్ల ముందు నిలబడి ఏమీ అడగలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. తరువాత రాలేదు. నా సాయంకాలపు సిద్ధాంతాలు నా పగటి జీతాన్ని ఆపలేదని ఒప్పుకొనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నా రాజకీయాభిప్రాయాలు కొన్ని ఎవరికీ రుచించవు. అత్యవసర పరిస్థితి పోయినందుకు అందరితోపాటు నేనూ మిఠాయి పంచాను. అయితే స్వేచ్ఛను నిలబెట్టడానికి వచ్చిన జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగించింది. దానికి కన్నీరు కార్చినవారు అరుదు. 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టం కూడా నాకు మింగుడు పడలేదు. 1967లో హర్యానాలో ఒక శాసనసభ్యుడు పూటకొక పార్టీ మార్చి "ఆయారాం గయారాం" అన్న నుడికారాన్ని దేశానికి ఇచ్చాడు. ఆ రోగం నిజమే. కాని మందు వల్ల సభ్యుడు చేయి ఎత్తే బొమ్మ అయ్యాడు. ఉమ్మడి వ్యవసాయాన్ని కాదనగల రంగా ఆ చట్టం కింద ఎన్ని రోజులు సభలో ఉండేవాడు?

చివరకు మేము కోరుకున్నది వచ్చింది. తెచ్చినది మాత్రం మావాళ్లు కారు. 1991 జులై 24న పారిశ్రామిక లైసెన్సు విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగిలినవాటికి రద్దయింది. అప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు, పరిశ్రమల శాఖ కూడా ఆయన చేతిలోనే ఉన్నది. నేను ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా కోయంబత్తూరు మనిషిని తలచుకొని ఒక్కడినే బిర్లా మందిరానికి వెళ్లి వచ్చాను.

ఆ స్వేచ్ఛ నా వీధిలోకి నడిచి వచ్చి ఏమి చేసిందో చెప్పాలి.

సత్య నికేతన్‌లో ఒక లాలాజీ కిరాణా దుకాణం ఉండేది. ఆయన కుటుంబం దేశ విభజనలో లాయల్‌పూర్ నుంచి వచ్చింది. నాకు ఆయన దగ్గర ఒక ఖాతా పుస్తకం ఉండేది. ఎరుపు గుడ్డ అట్ట. నెల మొదట్లో జీతం, నెల చివర ఖాతా. మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలు ఆయన లెక్క అడగలేదు. పైగా బియ్యం బస్తా ఇంటికి పంపాడు. మినప్పప్పు పొట్టుతో కావాలో, పొట్టు లేకుండా కావాలో, సంక్రాంతికి కొత్త బెల్లం ఎన్ని కిలోలు కావాలో ఆయనకు మాకంటే ముందు తెలుసు. గోంగూర కోసం మేము ఐ.ఎన్.ఏ. మార్కెట్‌కు పోతూ ఉంటే, "ఆ పుల్లటి ఆకు ఏమిటి, నేను తెప్పిస్తాను" అని రెండుసార్లు తెప్పించి రెండుసార్లు పాలకూర ఇచ్చాడు. మేము మాట్లాడకుండా పప్పులో వేసుకున్నాము.

2008లో గుర్‌గావ్ ఎక్స్‌ప్రెస్ రహదారి తెరచుకుంది. మా అబ్బాయి కారులో అరగంటకు మమ్మల్ని ఒక పెద్ద అంగడికి తీసుకుపోయాడు. అక్కడ చల్లదనం, వెలుగు, తోపుడు బండ్లు. కందిపప్పు కిలోకు 6 రూపాయలు తక్కువ. నేను లెక్క వేశాను; గుమాస్తాకు లెక్క వేయడం ఒక జబ్బు. నెలకు ఇంత మిగులుతుందని తేలింది. ఆ నెల నుంచి పెద్ద సరుకులు గుర్‌గావ్‌లో, అయిపోయిన ఉప్పు, అగ్గిపెట్టె లాలాజీ దగ్గర. సంచులు కనిపించకుండా కారును వెనుక సందులోంచి తెప్పించేవాడిని. ఆయన చూడలేదని అనుకునేవాడిని.

కొన్నేళ్లకు ఆయన కుమారుడు దుకాణం తీసివేసి, ఆ స్థలంలో కళాశాల పిల్లలకు ఫలహారశాల పెట్టాడు. నేడు సత్య నికేతన్ నిండా అవే. మూసివేసే రోజున లాలాజీ పాత ఖాతాదారులను పిలిచి ఎవరి పుస్తకం వారికి ఇచ్చాడు. నా పుస్తకంలో చివరి మూడేళ్ల పేజీలు సగం సగం ఖాళీ. ఆయన వాటిని తిరగవేసి చూపలేదు. పుస్తకం మూసి ఇచ్చాడు. నా సిద్ధాంతం ప్రకారం జరిగినది సబబే: కొనేవాడికి స్వేచ్ఛ, అమ్మేవాడికి పోటీ. దానిలో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ తర్కం దొరకలేదు. పుస్తకం మాత్రం పారవేయలేకపోతున్నాను. ఇప్పుడు మనుమరాలి చేతిఫోనులో నొక్కితే పది నిమిషాలలో గోంగూర వస్తున్నది. అసలైన గోంగూరే.

మరొక సంగతి. 2018 జూన్‌లో సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ వంటి ప్రభుత్వ ఉద్యోగుల కాలనీలను పునర్నిర్మించడానికి వేలాది చెట్లను కొట్టివేయబోతున్నారని తెలిసి జనం వీధిలోకి వచ్చారు. నేను ఉద్యోగకాలంలో 22 ఏళ్లు నేతాజీ నగర్ క్వార్టర్లలో ఉన్నాను. మా వేపచెట్టు కింద మా అబ్బాయికి అక్షరాభ్యాసం జరిగింది. జీవితంలో ఒక్క ఊరేగింపులో కూడా నడవని నేను, నా సిద్ధాంతాలంటే గిట్టని ఎర్ర కండువా విద్యార్థుల పక్కన, చెట్టును కౌగలించుకొని నిలబడ్డాను. ఒక కుర్రవాడు నా చేతిలో అట్ట పెట్టాడు. దాని మీద ఏమి రాసి ఉన్నదో చదవకుండా ఎత్తి పట్టుకున్నాను. ఆ నెలలోనే ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం చెట్ల నరికివేతను తాత్కాలికంగా ఆపింది. ఉన్నదానిని కాపాడడమే మా మతం కదా, మరి మావాళ్లెవరూ ఎందుకు రాలేదని ఆ రోజంతా చుట్టూ వెతికాను.

ఆటల విషయంలో నా ఛాందసం మరీ ముదిరినది. 1888లో సిమ్లాలో మొదలై 1940లో ఢిల్లీకి వచ్చిన డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ మాకు శీతకాలపు పండుగ. నేను వచ్చిన 1966లోనే గూర్ఖా బ్రిగేడ్ కప్పు గెలిచింది. కంటోన్మెంటు అంతా తమ ఇంటి పెళ్లిలాగా సంబరపడింది. అంతకు ముందటి దశాబ్దంలో ఈ కప్పును పదేపదే పట్టుకుపోయినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దాని గురువు ఎస్.ఎ. రహీం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతదేశానికి స్వర్ణం తెచ్చిన శిక్షకుడు ఆయనే. ఆ జట్టును నేను చూడలేకపోయాను. చూసినవారు ఢిల్లీ గేటు దగ్గర స్టేడియం మెట్ల మీద కూర్చొని వర్ణిస్తూ ఉంటే వేరుసెనగకాయలు ఒలుస్తూ వినేవాడిని. కప్పు 2014లో గోవాకు పోయింది, ఒకసారి తిరిగి వచ్చింది, 2019 నుంచి కలకత్తాను ఆశ్రయించింది. కలకత్తావారికి ఆటంటే మనకంటే ఎక్కువ ప్రాణం; కాదనను. చెడుగుడు మాత్రం 2014 నుంచి టెలివిజనులో దీపాల నడుమ మళ్లీ బతికింది. గడియారంలో 30 సెకన్లు పెట్టి కూతకు హద్దు గీయడం నాకు నచ్చలేదు. అయినా ఒక్క ఆట కూడా వదలను.

ఆదివారం ఉదయాలలో మా వీధి కుర్రవాళ్లు రోడ్డు పక్కన ఖాళీ స్థలంలో క్రికెట్ ఆడతారు. దానికి నేను అంపైరును. కారణం అడిగితే, "తాతగారు ఒకసారి చెబితే మార్చరు" అన్నారు. గోడ దాటితే అవుటు, ఎవరి కిటికీ పగిలినా బంతి కొట్టినవాడే వెళ్లి చెప్పాలి అన్నవి నేను పెట్టిన నియమాలు. ఫోనులో బొమ్మ తీసి తీర్పును పరీక్షించడాన్ని నిషేధించాను.

మొన్న మాఘమాసంలో ఒక బక్కపలచని పిల్లవాడిని వికెట్ల వెనుక క్యాచ్ అని అవుటిచ్చాను. వాడు ఒక్క క్షణం నా వైపు చూసి, బ్యాటు చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు, నోరు మెదపలేదు. వారి జట్టు నాలుగు పరుగులతో ఓడింది. సాయంత్రం మా మనుమరాలు వచ్చి, "కోప్పడకు తాతయ్యా" అంటూ ఎవరో మేడ మీద నుంచి తీసిన బొమ్మ చూపించింది. బంతికీ బ్యాటుకూ నడుమ జానెడు దూరం ఉన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాతి ఆదివారం నేను గంట ముందే వెళ్లి నిలబడ్డాను. పిల్లవాడు వచ్చాడు. అందరి ముందు నా తప్పు చెప్పి, మొదటి బ్యాటింగు వాడికి ఇచ్చాను. ఫోను నిషేధాన్ని ఎత్తివేస్తారా అని అడిగారు పిల్లలు. ఆలోచించి చెబుతానన్నాను. వాడు గీత మీద నిలబడి, బ్యాటుతో నేల తట్టి, నా వైపు తిరిగి మిడిల్ స్టంపు అడిగాడు.