తీరాన కొత్త కాపలా

అటవీ శాఖ ఉద్యోగి అనగానే మనకు గుర్తుకొచ్చేది దట్టమైన అడవి. కానీ విశాఖలో ఆ శాఖ బాధ్యత చెట్ల దగ్గరే ఆగదు, సముద్రపు ఒడ్డు వరకూ వస్తుంది. మన్యం కొండల నుంచి ఇక్కడికి బదిలీ అయిన బీట్ అధికారికి హోదా మారదు గాని, పనిని మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.

గాజువాక పరిసరాలనే తీసుకుందాం. ఉక్కు కర్మాగారం, గంగవరం రేవు, యారాడ కొండలు, మత్స్యకార పల్లెలు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఈ తీర జలాలకే ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని మొదటి షెడ్యూలులో చేర్చి, పులితో సమానమైన రక్షణ కల్పించింది.

ఇసుక నేర్పే పాఠాలు

తల్లి తాబేలు రాత్రివేళ ఒడ్డుకు చేరి, ఇసుకలో గుంత తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, వాటిని కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కు రాదు. కుక్కలు, నక్కలు పసిగట్టకముందే ఇసుక మీది జాడను పట్టి ఆ గూటిని కనుగొనాలి. అందుకే కొత్త ఉద్యోగి మొదట అలవరచుకోవలసింది తెల్లవారుజామున తీరం వెంట నడవడం.

గుడ్లను సంరక్షణ కేంద్రానికి తరలించేటప్పుడు కొద్ది గంటల్లోనే, అటూ ఇటూ దొర్లించకుండా తీసుకువెళ్లాలి. ఆలస్యమై, గుడ్డు తలకిందులైతే లోపలి పిండం చనిపోవచ్చు. ఇసుక వేడి కూడా ముఖ్యమే. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి.

సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వెలుతురు ఎటుంటే అటు నడవడం వాటి స్వభావం. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. పారిశ్రామిక నగరంలో మాత్రం దీపాలు వాటిని వెనక్కు, రోడ్డు వైపు లాగుతాయి.

హుకుంతో కాదు, నమ్మకంతో

ఒడ్డున గుడ్లు కాపాడినంతమాత్రాన సమస్య తీరదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాలరు వలలో చాలాసేపు చిక్కుకుంటే నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. అప్పటికి గుడ్లు పెట్టే కాలం చాలావరకు ముగిసిపోతుంది. వలకు అమర్చే తాబేలు రక్షణ చట్రం ఉన్నా, దాని గుండా చేపలూ జారిపోతాయేమోనన్న భయం మత్స్యకారులకు ఉంది. వారిది రోజువారీ బతుకుతెరువు. ఆ భయాన్ని కొట్టిపారేసే అధికారికి వారి సహకారం దొరకదు. గూడు ఎక్కడుందో ముందుగా తెలిసేదీ, వలలో చిక్కిన తాబేలును విడిపించగలిగేదీ వారే. కనుక వారి పక్కన కూర్చుని వినడమే ఇక్కడి ఉద్యోగంలో సగం పని.

ఫలితం చూడని సేవ

నేడు సముద్రంలోకి వెళ్లిన పిల్ల గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. అప్పటికి ఆ ఉద్యోగి మరో చోటికి బదిలీ అయి ఉంటాడు. వందలాది పిల్లల్లో బతికి బట్టకట్టేవి ఎన్నో అతనికి తెలియదు. తెల్లవారకముందే ఇల్లు విడిచే అతని వెనుక భార్యాబిడ్డల సహనమూ ఉంది.

ప్రళయ ఘడియ ముంచుకొచ్చినా చేతిలోని మొక్కను నాటమని బోధించారు దైవప్రవక్త (స). ఫలితం చూసే భాగ్యం మనకు లేకపోయినా, అప్పగించిన అమానతును నెరవేర్చడమే మన వంతు అని ఆ బోధ నుంచి మనం గ్రహించాలి.

ఈ సేవలో మన కుటుంబాలకూ వాటా ఉంది. సెలవు రోజున పిల్లలతో సముద్రతీరానికి వెళ్లినప్పుడు ప్లాస్టిక్‌ను అక్కడ వదలకుండా తెద్దాం. చీకటి పడ్డాక టార్చిలైట్లతో ఇసుకను గాలించవద్దు. గూడు గాని, తాబేలు గాని కనిపిస్తే తాకకుండా అటవీ సిబ్బందికి తెలియజేద్దాం. కాపలాదారు ఒక్కడైనా, తీరం మనందరిదీ.