ఒంటిచక్రం సైకిలు సీటు ఎందుకు ఒరుగుతుంది?

ఈ వారం ముచ్చట కొంచెం వింతగా ఉంటుంది. ఒంటిచక్రం సైకిలు, అంటే ఇక్కడ యూనిసైకిల్ అంటారే, దాని గురించి. మన ఊళ్ళలో దీన్ని సర్కస్ డేరాలో తప్ప ఎక్కడా చూసి ఎరగం. అమెరికాలో మాత్రం 1973లోనే దీనికొక సంఘం పుట్టింది. మొదటి ప్రపంచ పోటీలు 1984లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో జరిగాయి. నేనుండే మిన్నెసోటాలో ఊరేగింపుల్లో పిల్లలు బారులు తీరి వీటిమీద వెళుతుంటారు. మన పిల్లలు కూడా ఇప్పుడు ఇందులో దిగారు.

ఈమధ్య తెలిసినావిడ ఒకరు పదకొండేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని మా గరాజ్‌కి వచ్చింది. "అన్నయ్యగారూ, వీడికి బ్యాలెన్సు లేదండీ. ఎప్పుడూ ఎడమవైపుకే పడిపోతాడు. మానేస్తానంటున్నాడు" అంది. పిల్లవాడు తలొంచుకుని నిలబడ్డాడు. సైకిలుని వెనకనించి చూస్తే సీటు ఎడమకి అర అంగుళం జరిగి ఉంది! ఆడలేక మద్దెల ఓడన్నాడని సామెత. కానీ మద్దెల నిజంగానే ఓడైతే, ఆడేవాణ్ణి అనడం అన్యాయం కదండీ. అందుకే నేను ముందు సైకిలుని చూస్తాను, తరవాతే పిల్లవాణ్ణి.

సీటు వంకరగా ఉందంటే అందరూ చేసే మొదటి పని కొత్త సీటు కొనడం. చాలాసార్లు ఆ డబ్బు దండగ. ఎందుకంటే వంకర నాలుగు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు: సీటులో, సీటు కింది గొట్టంలో, ఫ్రేములో, చక్రంలో. కనపడేది మాత్రం పైనున్న సీటు దగ్గరే.

సీటు, గొట్టం చూడడం తేలిక. సీటుమీంచి కిందకి చూడండి. సీటు ముక్కు, టైరు ఒకే గీతలో లేకపోతే, పడ్డప్పుడు సీటు గిర్రున తిరిగిందన్నమాట. క్లాంపు వదులు చేసి, సరిచేసి, బిగిస్తే సరి. బిగించినా మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే గొట్టం సైజు తేడా ఉందేమో చూడండి. ఇవి 22.2, 25.4, 27.2 మిల్లీమీటర్లు అని రకరకాలుగా వస్తాయి. సన్న గొట్టాన్ని పెద్ద ఫ్రేములో పెట్టి ఎంత బిగించినా అది నిలవదు. ఇక మామూలు సైకిలు సీటులా కాకుండా, దీని సీటు నాలుగు బోల్టులతో గొట్టంమీది పలకకి బిగించి ఉంటుంది. బోల్టులు వదులైనా, పలక వంగినా సీటు పక్కకి వాలుతుంది. సీటు ఊడదీసి పలకని చూస్తే తెలిసిపోతుంది. సీటు అడుగు ప్లాస్టిక్ పగిలి ఉంటే మాత్రం కొత్తది కొనక తప్పదు.

అసలు చిక్కు చక్రం దగ్గర. ఇరుసుకి రెండువైపులా బేరింగులుంటాయి, వాటిమీద ఫ్రేము కాళ్ళు కూర్చుంటాయి. ఆ రెంటికీ మధ్య దూరం సుమారు 100 మిల్లీమీటర్లు. ఇరుసునించి సీటు ఎత్తు 700 అనుకుందాం. ఒక కాలి కింద మట్టో, పెయింటు పెచ్చో చేరి ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చిందంటే, పైన సీటు ఏడు మిల్లీమీటర్లు పక్కకి పోతుంది! కింద ఆవగింజంత, పైన కుంకుడుకాయంత. అందుకని ముందు బేరింగు మూతలు విప్పి, అంతా గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ కూర్చోబెట్టండి. నేను చూసినవాటిలో సగం దీంతోనే బాగయ్యాయి.

అప్పటికీ వంకర పోకపోతే ఒక పరీక్ష ఉంది, ఇది గుర్తుపెట్టుకోండి. ఫ్రేము రెండు కాళ్ళూ కలిసే చోట, రిమ్ముకీ ఒక్కో కాలికీ మధ్య ఖాళీ ఎంతుందో రెండువైపులా స్కేలుతో కొలవండి. తరవాత చక్రం తీసి, కుడి ఎడమలు తారుమారు చేసి పెట్టి, మళ్ళీ కొలవండి. పెద్ద ఖాళీ రెండోవైపుకి మారితే లోపం చక్రంలో ఉంది. మారకుండా అక్కడే ఉంటే లోపం ఫ్రేములో ఉంది. కొలత అయ్యాక చక్రాన్ని యథాప్రకారం పెట్టేయండి, తారుమారుగా ఉండగా పిల్లల్ని ఎక్కనివ్వకండి. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుడు. వైపు మారితే తొక్కేకొద్దీ పెడలు ఊడి వచ్చేస్తుంది.

చక్రం లోపమైతే రిమ్ము ఇరుసుకి నడిమధ్యన లేదని అర్థం. రిమ్ము కుడికి జరిగి ఉంటే కుడివైపు స్పోకులు పావు చుట్టు చొప్పున వదులు చేసి, ఎడమవి అంతే బిగించాలి, చుట్టూ అన్నీ సమానంగా. ఓపిక లేకపోతే సైకిలు షాపుకి ఇవ్వండి, ఇది వాళ్ళకి రోజూ ఉండే పనే. ఫ్రేము లోపమైతే చవక వైద్యం ఉంది. ఖాళీ సోడా డబ్బా రేకు సన్నటి పట్టీగా కత్తిరించి, సీటు ఏ వైపు ఒరిగిందో ఆ వైపు బేరింగుకీ కాలికీ మధ్య పెట్టండి. రేకు మందం మిల్లీమీటరులో పదోవంతు, అంటే ఒక్కో పొరకి సీటు ముప్పావు మిల్లీమీటరు దాకా తిరిగి వస్తుంది. రెండు మూడు పొరలు సరే. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఫ్రేము వంగినట్టే, రేకులతో కాలక్షేపం చెయ్యకండి.

సైకిలు తిన్నగానే ఉండి మనిషి ఒరుగుతుంటే? అప్పుడు రోడ్డుని అనుమానించండి. ఇక్కడి రోడ్లు వాననీరు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. కార్లో కూర్చుంటే మనకి తెలియదు గానీ ఒంటిచక్రానికి తెలుస్తుంది. గాలి తగ్గిన టైరైతే మరీను. అదే అంచున వెనక్కి తొక్కుకుంటూ వచ్చినప్పుడు ఒరుగు రెండోవైపుకి మారితే తప్పు రోడ్డుదే. టెన్నిస్ కోర్టులో తొక్కించి చూడండి. అక్కడా ఒకే వైపుకి ఒరిగితే, నేర్చుకునేటప్పుడు ఎప్పుడూ ఒకే చేత్తో కంచె పట్టుకున్న అలవాటేమో కనుక్కోండి. చెయ్యి మార్చి పట్టుకోమంటే కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది.

చివరగా, బేరింగు మూతలు మరీ గట్టిగా బిగించకండి, బేరింగు పట్టేస్తుంది. రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించి, చక్రాన్ని తిప్పి వదలండి. అది తేలిగ్గా తిరుగుతూ నెమ్మదిగా ఆగాలి. రెండు మూడుసార్లు తొక్కాక బోల్టులన్నీ మరోసారి చూడండి, క్రాంకు నట్లతో సహా.