టారోలో 13, పంచాంగంలో 14: ఈ అంకెలు ఎక్కడివి?

మూడు కార్డులు తీస్తే మధ్యలో 13 వచ్చింది. తెల్ల గుర్రం మీద నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం, కింద మృత్యువు అని పేరు. టారో చూపించుకోవడానికి ఇప్పుడు చల్లపల్లి నుంచి బెజవాడ దాకా బస్సెక్కక్కర్లేదు, చేతిలో ఫోను ఉంటే చాలు. దాంతో పాటే ఈ భయమూ ఇంటికి వచ్చేస్తోంది. అందుకని 13కు అర్థమేమిటో చూసేముందు అది ఎంత తరచుగా వస్తుందో లెక్క వేసుకుందాం.

టారో కట్టలో 78 కార్డులుంటాయి. మూడు తీస్తే వాటిలో 13 ఉండే అవకాశం 78లో 3, అంటే 26 సార్లకు ఒకసారి. రోజూ ఉదయం మూడేసి కార్డులు తీసే అలవాటున్న ఇంట్లో సగటున నెలకొకసారైనా మృత్యువు కనిపిస్తుంది. పది కార్డులు పరిచే పద్ధతిలో అయితే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి వస్తుంది. పైగా టారో చెప్పేవాళ్ళే ఆ కార్డును చావుగా చదవరు. ఒక దశ ముగిసి ఇంకొకటి మొదలవుతుందని చెబుతారు.

ఈ 78లో 56 చిన్న కార్డులు, 22 పెద్ద కార్డులు. చిన్నవాటిని అర్థం చేసుకోవడానికి పేక తెలిస్తే చాలు. నాలుగు రంగులు: కప్పులు, కర్రలు, కత్తులు, నాణేలు. ఒక్కో రంగులో 1 నుంచి 10 దాకా అంకెలు, ఆపైన నాలుగు బొమ్మలు. పేకలో బొమ్మలు మూడే, ఇక్కడ రౌతు అదనం. పెద్ద కార్డులకు పేకలో జోడీ లేదు. 0 నుంచి 21 దాకా వరస నంబర్లు, ఒక్కోదానికి సొంత పేరు: అమాయకుడు, చక్రవర్తి, గోపురం, సూర్యుడు, అలా.

‘నాకు ముఖ్యమైన పెద్ద కార్డు పడింది’ అని మురిసిపోయేవాళ్ళు ఇంకో లెక్క చూడాలి. మూడు కార్డుల్లో కనీసం ఒక పెద్ద కార్డు ఉండే అవకాశం నూటికి 64. అది రాకపోతేనే కొంచెం వింత.

అంకెలకు చెప్పే అర్థాలు వినడానికి తేలిక. 1 మొదలు, 2 జంట లేదా ఎంపిక, 3 ఎదుగుదల, 4 నిలకడ, 5 గొడవ, 6 సర్దుబాటు, 7 పరీక్ష, 8 కదలిక, 9 చివరి మెట్టు, 10 పూర్తి. రంగును బట్టి ఇది డబ్బుకో మనసుకో వర్తిస్తుంది: నాణేల 5 అయితే డబ్బు కటకట, కప్పుల 5 అయితే మనసు కష్టం. తిరగబడిన కార్డుకు వేరే అర్థం చెప్పేవాళ్ళూ ఉన్నారు.

ఇక అసలు సందేహం. ఈ అంకెలకు అర్థం ఎవరు పెట్టారు? టారో పుట్టింది 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో, జోస్యానికి కాదు, ఆటకు. మిలాన్ పాలకుల కోసం చేత్తో గీసిన విస్కాంతి-స్ఫోర్జా కట్ట నేటికీ చాలావరకు మిగిలి ఉంది. దాని పెద్ద కార్డుల మీద నంబర్లే లేవు. ఏది దేన్ని కొడుతుందో ఆడేవాళ్ళకు నోటికి వచ్చు, నంబరు వేయడం తర్వాత వచ్చిన సౌకర్యం. ఇవి ప్రాచీన ఈజిప్టు రహస్య విద్య అని ఫ్రాన్సులో కూర్ ద జెబ్లాఁ రాసింది 1781లో. అప్పటికి ఈజిప్టు లిపిని చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆట పుట్టిన మూడు శతాబ్దాలకు పైగా గడిచాక గానీ జోస్యంగా దానికి పేరు రాలేదన్నమాట.

నంబర్లు మారాయి కూడా. పాత ఫ్రెంచి కట్టల్లో 8 న్యాయం, 11 బలం. 1909లో లండన్‌లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కొత్త కట్ట తెచ్చాడు. బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. బలాన్ని సింహరాశికి, న్యాయాన్ని తులకు ముడిపెట్టే వరస కుదరడానికి ఆ రెండు నంబర్లనూ తారుమారు చేశారు. ఇవాళ ఎక్కువ మంది చేతుల్లో ఉన్నది ఆ కట్టే.

దీనివల్ల వచ్చే తిరకాసు చూడండి. పుట్టిన తేదీని కూడి ‘మీ కార్డు ఇదీ’ అని చెప్పే పద్ధతి ఒకటుంది. మొత్తం 22 దాటితే మళ్ళీ కూడతారు. అందరికీ తెలిసిన తేదీ తీసుకుందాం: 15-8-1947. అంకెలన్నీ విడివిడిగా కూడితే 35, మళ్ళీ కూడితే 8. వెయిట్ కట్టలో అది బలం, పాత కట్టలో న్యాయం. ఇంకొకరు 15, 8, 1947 మూడింటినీ కలుపుతారు: 1970. దాని అంకెలు కూడితే 17, అంటే నక్షత్రం. ఒకే తేదీకి మూడు కార్డులు! ఎవరి దగ్గరికి వెళ్ళామన్నదాన్ని బట్టి ఫలితం.

కార్డు మీద జోస్యం మనకు కొత్త కాదు. చిలక జోస్యంలో సాధారణంగా 27 కార్డులుంటాయి, నక్షత్రాలు 27 గనుక. దేవుడి బొమ్మ ఉన్న కార్డును చిలక ముక్కుతో లాగుతుంది. చిలకను పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి ఆ వృత్తి క్రమంగా సన్నగిల్లింది. లెక్క ప్రకారం చూస్తే చిలకకీ టారో చెప్పే ఆమెకీ తేడా ఒకటే: 27 బదులు 78.

పంచాంగం సంగతి వేరు. అక్కడ చీటీ తీయడం లేదు, అంతా లెక్కే. ఉగాది నాడు ఇంద్రకీలాద్రి మీదైనా, చల్లపల్లి, మోపిదేవి గుళ్ళలోనైనా పంచాంగ శ్రవణంలో అందరూ చెవులు రిక్కించేది ఆదాయ వ్యయాల దగ్గరే. ‘మేషం: ఆదాయం 2, వ్యయం 14’ అన్నారనుకోండి, ఆ రాశివాళ్ళ ముఖాలు చూడాలి. విశ్వావసు ఉగాదికి, అంటే 2025 మార్చి 30న, మేషానికి అదే వచ్చింది. రెండు రూపాయలు సంపాదిస్తే పద్నాలుగు ఖర్చని కొందరు అర్థం చేసుకుంటారు. అవి రూపాయలూ కావు, శాతాలూ కావు, భాగహారంలో మిగిలిన శేషాలు.

తెలుగు పంచాంగాల్లోని ఆ అంకెలు ఎలా వస్తాయో కాగితం మీద వేసి చూద్దాం. ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతి ఆ ఏటి రాజు. ఒక్కో గ్రహానికి అష్టోత్తరీ దశ అనే పద్ధతిలో కొన్నేళ్ళు కేటాయించి ఉన్నాయి: సూర్యుడికి 6, చంద్రుడికి 15, కుజుడికి 8, బుధుడికి 17, గురువుకు 19, శుక్రుడికి 21, శనికి 10. రాశ్యధిపతి ఏళ్ళకు రాజు ఏళ్ళు కలపాలి. మొత్తాన్ని 3తో హెచ్చించి, 5 కలిపి, 15తో భాగిస్తే మిగిలిన శేషం ఆదాయం. ఆ భాగహారంలో వచ్చిన భాగఫలాన్ని మళ్ళీ 3తో హెచ్చించి, 5 కలిపి, 15తో భాగిస్తే శేషం వ్యయం.

మేషానికి అధిపతి కుజుడు, 8. 2025 ఉగాది ఆదివారం గనుక రాజు సూర్యుడు, 6. కలిపితే 14, మూడింతలు 42, ఐదు కలిపితే 47. పదిహేనుతో భాగిస్తే భాగఫలం 3, శేషం 2. అదే ఆదాయం. ఇప్పుడు ఆ 3ను మూడింతలు చేస్తే 9, ఐదు కలిపితే 14. పదిహేనుకు లోపే ఉంది కాబట్టి వ్యయం 14.

దీన్నిబట్టి కొన్ని సంగతులు వాటంతటవే తేలతాయి. ఏ ఏడాది ఏ రాశి చూసినా ఆదాయం గానీ వ్యయం గానీ 2, 5, 8, 11, 14 ఈ అయిదే. ఇంట్లో పాత పంచాంగాలుంటే తిరగేసి చూడండి, 7 గానీ 10 గానీ దొరకదు. మేష వృశ్చికాలకు అధిపతి ఒకడే కాబట్టి రెండింటికీ అంకెలు ఒకటే. వృషభ తులలకు, మిథున కన్యలకు, ధనుస్సు మీనాలకు, మకర కుంభాలకు కూడా అంతే. వారాలు ఏడే కాబట్టి పట్టికలూ ఏడే. 2018 ఉగాది కూడా ఆదివారమే, అప్పుడూ మేషానికి ఈ 2, 14లే.

నూరిళ్ళ వీధిని తీసుకుందాం. ఇంటికి నలుగురు చొప్పున 400 మంది. రాశులకు సమానంగా పంచితే ఒక్కో రాశికి 33 మంది, మేష వృశ్చికాలు కలిపి 66 మంది. జీతగాడు, కూలీ, బడికెళ్ళే పిల్ల, మంచాన ఉన్న ముసలాయన, అందరికీ అదే 2, అదే 14. లెక్కలోకి వెళ్ళినవి రాశ్యధిపతి, ఉగాది వారం, ఈ రెండే. మీ జీతం, మీ అప్పు, మీ చేను అందులో ఎక్కడా లేవు.

చేను అంటే గుర్తొచ్చింది. దివిసీమలో ఒకే కాలవ కింద పక్కపక్క చేలున్న ఇద్దరు రైతులను ఊహించుకోండి, ఒకరిది మేషం, ఇంకొకరిది మిథునం. విశ్వావసులో మేషానికి 2, 14. మిథునానికి సరిగ్గా తలకిందులు: 14, 2. కానీ ఇద్దరికీ 2025-26 సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలే. 75 కిలోల బస్తాకు దాదాపు 1,777. ఆ ఏడు అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటి కృష్ణా జిల్లాలో వరిని పడగొట్టినప్పుడు గట్టుకు ఇటు ఏ రాశి, అటు ఏ రాశి అని చూడలేదు. ఆదాయం తేడా వస్తే కౌలు దగ్గర, వడ్డీ దగ్గర, తేమ శాతం దగ్గర వస్తుంది.

అయితే ఇదంతా మానేయమంటారా? అక్కర్లేదు. పంచాంగ శ్రవణం పండగలో భాగం, ఉగాది పచ్చడిలాగే. టారో కూడా కాలక్షేపానికైతే పేకాట కంటే ఖర్చు తక్కువ. డబ్బు కట్టి చెప్పించుకునేటప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు అడగండి: మీ కట్టలో 8 ఏది, తేదీ ఏ పద్ధతిలో కూడతారు? ‘13 వచ్చింది, దోషం పోవడానికి ఇంకో అయిదు వేలు’ అంటే అక్కడితో లేచి రండి. ఆ అయిదు వేలు టారో కట్ట చెప్పింది కాదు.

వచ్చే ఉగాదికి ఆదాయ వ్యయాలు మీరే వేసుకోవచ్చు. ఉగాది ఏ వారమో క్యాలెండరులో చూడండి. సింహానికి సూర్యుడు, కర్కాటకానికి చంద్రుడు, మేష వృశ్చికాలకు కుజుడు, మిథున కన్యలకు బుధుడు, ధనుస్సు మీనాలకు గురువు, వృషభ తులలకు శుక్రుడు, మకర కుంభాలకు శని అధిపతులు. పైన ఇచ్చిన ఏళ్ళు కలిపి మూడింతలు చేయండి, అయిదు కలపండి, పదిహేనుతో భాగించండి. ఆరో తరగతి పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే ఆ పని వాళ్ళకు అప్పగించండి.