చెట్ల కాయలతో వలసవచ్చు పుచ్చు పురుగులు

నిలువచేసిన పెసలను, కందులను గుల్లచేయు పుచ్చు పురుగులను రైతు సోదరులందరు ఎరుగుదురు. వాటి కుటుంబమునకు చెందిన పురుగులే బాటప్రక్కన నీడకును, అందమునకును పెంచు చెట్ల గింజలలో కూడ పెరుగుచుండును. పిల్లపురుగు గింజ లోపలనే దాగియుండుటచే పైకి కనబడదు. మనము ఆ గింజను ఎచ్చటికి తీసికొనిపోయిన, పురుగును అచ్చటికే చేరును.

ఉత్తర అమెరికాకు చెందిన గ్లెడిట్సియా అను చెట్టును ఐరోపా నగరములలో వీధుల వెంట నాటినారు. నేడు దాని గింజలను తినుచున్నవి ఆసియా ఖండమునుండి వచ్చిన పుచ్చు పురుగులు. చెట్టు ఒక ఖండముది, పురుగు వేరొక ఖండముది. రెండింటిని కలిపినది మానవుడే.

సుబాబుల్ పురుగు

మన ప్రాంతమున కాగితపు కర్రకును, పశువుల మేతకును పెంచు సుబాబుల్ పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికాలు. దాని గింజలను తొలుచు అకాంథోసెలిడీస్ మాక్రాఫ్తాల్మస్ అను పురుగును అచ్చటిదే. సుబాబుల్ కలుపువలె వ్యాపించిన దక్షిణాఫ్రికాలో, దానిని అదుపుచేయుటకై 1999లో ఈ పురుగును బుద్ధిపూర్వకముగా విడిచినారు. తైవాను, దక్షిణ భారతదేశము మొదలగు చోట్లకు ఇది పిలువకనే వచ్చినది. ఇది సుబాబుల్ జాతినే ఆశించును గనుక పప్పుధాన్యములకు భయము లేదు. కాని విత్తనమునకై గింజలు సేకరించువారికి మాత్రము నష్టము కలుగును.

వేరుశనగకు అసలు ముప్పు

మన రైతు ఎక్కువ జాగ్రత్తపడవలసినది కారియెడాన్ సెర్రాటస్ అను పురుగు విషయమున. ఇది చింత, రేల మొదలగు చెట్ల కాయలలో బ్రతుకును. చింతకాయలతోపాటు సముద్రములు దాటి వెస్టిండీసు దీవులకు కూడ చేరినది. వేరుశనగ దక్షిణ అమెరికా పంట. అది ఇతర ఖండములకు చేరిన పిదప ఈ చెట్ల పురుగు దానికి అలవాటుపడినది. పగులని వేరుశనగ కాయ పెంకును సైతము తొలుచుకొని ఇది లోనికి పోగలదు.

తల్లిపురుగు కాయపై గ్రుడ్డును అంటించును. పిల్లపురుగు గ్రుడ్డు అడుగునుండి నేరుగా కాయలోనికి దిగి గింజను తినును. ఎదిగిన పిమ్మట గుండ్రని రంధ్రముచేసి వెలుపలికి వచ్చి, కాయమీదనో గోనెసంచి కుట్లలోనో కాగితమువంటి పలుచని గూడు అల్లుకొనును. వేడి వాతావరణములో సుమారు నెలన్నరకు ఒక తరము పూర్తియగును. పెద్దపురుగు గోధుమరంగులో నల్లని మచ్చలతో, లావైన వెనుక తొడలతో ఉండును.

వరంగల్లు ప్రాంతమున యాసంగి వేరుశనగ ఇల్లు చేరు దినములలోనే చింతపండును ఇంటికి వచ్చును. రెండింటిని ఒకే కొట్టులో ఉంచిన పురుగుకు దారి చూపినట్లే. మరుసటి యాసంగి వరకు దాచిన విత్తనపు కాయలలో, ఈలోపల అనేక తరములు పెరుగును. విత్తునాటికి కాయ కాయగనే కనబడును. లోపల గింజ ఉండదు.

పాటించవలసిన జాగ్రత్తలు

1. వేరుశనగ కాయలను చింతచెట్టు క్రింద కుప్పవేయరాదు, ఆరబోయరాదు.

2. ఊపినపుడు గలగలలాడువరకు కాయలను ఎండబెట్టవలెను. తేమ 8 శాతము మించరాదు.

3. చింతపండును, చింతగింజలను, చెట్ల విత్తనములను వేరు గదిలో ఉంచవలెను.

4. పాత గోనెసంచులను మరుగునీటిలో ముంచి, ఎండబెట్టి వాడవలెను.

5. వీలున్న, గాలి చొరని మూడు పొరల సంచులు వాడుట మేలు. వీటిలో గాలి అందక పురుగు పెరుగదు. ఇవి వేరుశనగ నిలువకు ఉపకరించునని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనలు తెలిపినవి.

6. పదునైదు దినములకొకసారి సంచుల అడుగును, కుట్లను పరీక్షించవలెను. గూళ్ళు కనబడిన కాయలను వేరుచేసి కాల్చివేయవలెను.

7. విషవాయువు బిళ్ళలను ఇంటిలో వాడరాదు, అవి ప్రాణాపాయకరములు. శిక్షణ పొందినవారే వాటిని వాడవలెను.

ఇతర ప్రాంతములనుండి చెట్ల విత్తనములు తెచ్చుకొనునపుడు, రంధ్రములున్న వాటిని తీసికొనకుడు. తెచ్చినవాటిని కొన్ని వారములు మూతగల సీసాలో ఉంచి చూడుడు. ఎన్నడు చూడని పురుగు వెలువడినచో, దానిని సీసాతోసహా మీ వ్యవసాయాధికారికిగాని, వరంగల్లు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమునకుగాని అందజేయుడు. క్రొత్త పురుగును మొదటి సీసాలోనే పట్టుట సులభము; ఊరంతయు వ్యాపించిన పిదప కష్టము.