బండకు బీట, ఇసుకకు ఊట

శ్రీకాకుళం జిల్లా పలాసలో రైలు దిగి వజ్రపుకొత్తూరు రోడ్డు పట్టుకుంటే కాసేపటికి జీడితోటలు మొదలవుతాయి, ఆ తరవాత కాలి కింద ఇసుక తగులుతుంది. అదే వెనక్కి తిరిగి మెళియాపుట్టి వైపు వెళ్తే అంతా బండలు, కొండలు. పట్టుమని ఒక పూట ప్రయాణం లేదు గానీ నేల మారిపోతుంది. నేలతో పాటే నీళ్లు దొరికే తీరూ మారుతుంది.

ఈ తేడా తెలియాలంటే ముందు గోదావరి లోయకు వెళ్లి రావాలి. రామగుండం, మణుగూరు ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు పొరలు ఇసుకరాయి మధ్య ఉంటాయి. ఇసుకరాయి గింజల సందుల నిండా నీళ్లే. అందుకే అక్కడ బొగ్గు తియ్యాలంటే నీళ్లు తోడుతూనే ఉండాలి. గొయ్యి లోతయ్యేకొద్దీ చుట్టూ భూగర్భ జలమట్టం గిన్నె ఆకారంలో కుంగుతుంది. పక్క ఊరి బావిలో ఎవరూ చేద వెయ్యకుండానే నీళ్లు అడుగంటడం ఇందుకే. గని సరిహద్దు రాయి పైన పాతుతారు, కింద నీటికి ఆ హద్దు లేదు.

ఇటు మెళియాపుట్టి, టెక్కలి బండనేల కింద అలాంటి ఇసుకరాయి లేదు, బొగ్గూ లేదు. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ కాగి గట్టిపడ్డ తూర్పు కనుమల రాళ్లివి. వీటిలో ఒకటైన ఖొండలైటుకు ఖోండు గిరిజనుల పేరు పెట్టినవాడు వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త, 1902లో. ఈ రాళ్లలో గింజల మధ్య సందుండదు. నీళ్లు నిలిచేది రెండే చోట్ల: పైన శిథిలమై మెత్తబడిన పొరలో, కింద బీటల్లో. ఒకరి పెరట్లో బోరు పొంగితే గోడ అవతల దుమ్ము లేస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోట బోరు వేయించేవాళ్లున్నారు. కాయ నిలబడటం నిజమే కావచ్చు, కింద బీట ఉండాలని మాత్రం నియమం లేదు.

టెక్కలి బ్లూ గ్రానైటుకు మంచి పేరు. ఇక్కడే తమాషా. బీట పడ్డ దిమ్మకు ధర రాదు, బీట లేని బండలో బోరుకు నీళ్లు రావు. క్వారీవాడికి శత్రువైనది బోరువాడికి దేవుడు. కాబట్టి గ్రానైటు గొయ్యి బొగ్గు గొయ్యిలా ఊళ్ల నీళ్లన్నీ లాగేసుకుంటుందనుకోవడం సరికాదు. భయం వేరే చోట ఉంది. దిమ్మను చేరడానికి ముందు పైన శిథిల పొరను గీకి పారేస్తారు. వాననీటిని స్పంజిలా పట్టి గెడ్డకూ నూతికీ నెమ్మదిగా వదిలేది ఆ పొరే. అది పోయాక వాన జారిపోతుంది. రాతిపొడి చెరువులో పేరుకుంటే అడుగున నీరు ఇంకదు. వదిలేసిన గోతిలో వాననీరు నిలిచి చెరువులా కనిపిస్తుంది గానీ, అడుగు గట్టి బండైతే కిందికి దిగేది స్వల్పం.

మొదట చెప్పిన జీడితోటల వైపు, అంటే ఉద్దానం, ఇసుక దీనికి పూర్తిగా ఎదురు. పడ్డ వాన పడ్డట్టే ఇంకిపోతుంది. సముద్రం దగ్గర అలా ఇంకిన మంచినీరు కింది ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం, సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే కింద దాదాపు 40 మీటర్ల మంచినీటికి అది ఆసరా. పైన మీటరు తోడేస్తే కింద ఉప్పు ఎంత పైకి ఎగబాకుతుందో వేరే చెప్పాలా!

ఈ తీరంలో వర్షపు నీటిని పట్టి ఉంచే మడుగు నేలల్ని సోంపేటలో బీల అంటారు, కాకరాపల్లి వైపు తంపర అంటారు. భూమిలో లేని బొగ్గు ఈ ప్రాంతానికి థర్మల్ కేంద్రాల రూపంలో రాబోయింది సరిగ్గా ఆ నేలల్లోకే. 2010 జులై 14న సోంపేటలో, ఆ కేంద్రం వద్దన్న జనంపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. కాగితాల మీద అది పనికిరాని భూమి. పశువులకు గడ్డి, వలకు చేపలు, మడికి నీరు అక్కడినుంచే తెచ్చుకునేవాళ్లకు కాదు.

ఇక కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఎన్నో ఇళ్లను పట్టిన ఈ రోగానికి మొదట అనుమానం నీటి మీదికే పోయింది. నీటిలో సిలికాను చూశారు, లోహాలను చూశారు, పురుగుమందుల వైపూ వేడిలో చాకిరీ వైపూ చూశారు. ఇదీ కారణం అని ఏ ఒక్కదానిమీదా రుజువు నిలబడలేదు. రుజువు కోసం ఆగలేరు కనక తాగేనీటినే మార్చారు. సుమారు 700 కోట్ల రూపాయల సుజలధార పథకం వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో ఇక్కడికి తెస్తుంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ ఆసుపత్రితో పాటే దాన్నీ ప్రారంభించారు.

ఆ నీళ్లు మనుషులకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరిచెట్ల జాగాలో నాటిన మొక్కలకు మాత్రం పెరటి నూతిలో ఊరే నీళ్లే.