ఒకే శక్తి, ఎన్నో వేషాలు

ఒకప్పుడు మన పల్లెలకు పగటివేషగాళ్లు వస్తూండేవారు. ఒకనాడు శివుడి వేషం, మరునాడు పోలీసు జవాను వేషం, ఆ మరునాడు సోదమ్మి వేషం. రోజూ ఎవరో కొత్తవాళ్లు వచ్చారని చిన్నపిల్లలు భ్రమపడేవారు. కాని వేషాలు మారినా లోపల ఉన్న మనిషి ఒక్కడే! ప్రకృతిలో కూడా ఇటువంటి వేషధారి ఒకటున్నది. దాని పేరు శక్తి.

పని చెయ్యగల సామర్థ్యాన్నే శక్తి అంటారు. శక్తి కంటికి కనిపించదు. అది చేసే పనిని బట్టి దాన్ని పోల్చుకోవాలి. వంద గ్రాముల జామకాయను నేల మీది నుంచి ఒక మీటరు ఎత్తుకు ఎత్తండి. ఇందుకు సుమారు ఒక జౌలు శక్తి పడుతుంది. ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు జేమ్స్ జౌల్ (1818-1889) పేరు మీదుగానే ఈ కొలతకు ఆ పేరు వచ్చింది.

మీరు ఖర్చు పెట్టిన శక్తి ఏమయింది? ఎత్తున ఉన్న జామకాయలో దాగి ఉన్నది. దీన్ని స్థితిజశక్తి అంటారు. కాయను వదిలిపెడితే అది అంతకంతకూ వేగంగా కిందికి వస్తుంది. అప్పుడది గతిజశక్తి. కాయ నేలను తాకగానే ‘ధబ్’ మన్నది కదా, అది ధ్వనిశక్తి. మిగిలినదంతా చివరకు వేడిగా, అంటే ఉష్ణశక్తిగా మారుతుంది. ఆ వేడి ఎంత స్వల్పమంటే, మన చేతికి తెలియదు.

చేతికి తెలియని ఆ వేడిని జౌల్ లెక్క కట్టాడు. 1840-50 మధ్య ఆయన ఎన్నో ప్రయోగాలు చేశాడు. ఒక పాత్రలో నీరు పోసి, కవ్వం లాంటి తెడ్లను అందులో అమర్చాడు. తాడుకు కట్టిన బరువులు కిందికి దిగుతూంటే తెడ్లు తిరిగి నీటిని చిలికేవి. నీరు కొద్దిగా వేడెక్కేది. బరువు ఎంత కిందికి దిగితే ఎంత వేడి పుడుతుందో చూస్తే, ఆ లెక్క ఎప్పుడూ ఒకే విధంగా వచ్చింది! శక్తిని ఎవరూ కొత్తగా పుట్టించలేరు, నాశనం చెయ్యలేరు. అది వేషం మాత్రమే మారుస్తుంది. దీన్ని శక్తి నిత్యత్వ నియమం అంటారు.

ఇప్పుడు ఇంట్లో వెలిగే దీపం దగ్గరికి రండి. దానికి నాగార్జునసాగర్ నుంచి విద్యుత్తు వస్తున్నదనుకుందాం. ఆ విద్యుత్తు అసలు ఎక్కడ పుట్టింది?

సూర్యుడి గర్భంలో హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలు కలిసి హీలియంగా మారుతూంటాయి. అక్కడ వెలువడేది కేంద్రకశక్తి. అది కాంతిశక్తిగా మనను చేరుతుంది. ఎండకు సముద్రపు నీరు ఆవిరి అయి, మేఘమై, పడమటి కనుమల మీద వానగా కురుస్తుంది. అక్కడ మహాబలేశ్వరం వద్ద పుట్టిన కృష్ణానది ప్రవహిస్తూ వచ్చి నాగార్జునసాగర్ లో ఆగుతుంది. ఎత్తున నిలిచిన ఆ నీటిలో ఉన్నది స్థితిజశక్తి.

1955 లో శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. వేలాది కూలీలు రాళ్లు మోసి దీన్ని కట్టారు. వారి కండలకు బలం ఎక్కడిది? తిన్న అన్నంలోని రసాయనశక్తి! అన్నంలోకి అది ఎండ నుంచే వచ్చింది.

నీరు గొట్టాల గుండా కిందికి దూకి పెద్ద చక్రాలను తిప్పుతుంది. వాటితోపాటు అయస్కాంతాలు రాగితీగ చుట్టల మధ్య తిరుగుతాయి. అప్పుడు తీగల్లో విద్యుచ్ఛక్తి పుడుతుంది. ఈ కిటుకును 1831 లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆ విద్యుత్తే మీ ఇంట్లో దీపంలో కాంతిగా, పంకాలో గతిగా, రేడియోలో ధ్వనిగా వేషం కడుతుంది.

‘‘శక్తికి నాశనం లేదన్నారుగా! అయితే ఖాళీ గదిలో దీపం ఆర్పమని నాన్న ఎందుకు కేకలేస్తారు?’’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే!

దీపపు వెలుగు గోడల మీద పడి వేడిగా మారుతుంది. పంకా విసిరిన గాలి కూడా నెమ్మదించి, తన శక్తిని వేడికి అప్పగిస్తుంది. ఆ వేడి నలువైపులా పలచగా వ్యాపిస్తుంది. అది నశించలేదు, నిజమే. కాని దాన్నంతా పోగుచేసి మళ్లీ దీపం వెలిగించడం ఎవరి తరమూ కాదు. పొయ్యిలో కాలిన కట్టెల వేడిని కూడదీసి తిరిగి కట్టెలుగా చెయ్యగలమా?

ఒక లెక్క చూడండి. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. వంద మీటర్ల ఎత్తు నుంచి పడే నీటితో ఒక యూనిట్ పుట్టించాలంటే, ఏమీ వృథా పోకపోయినా, సుమారు 3,700 లీటర్ల నీరు కావాలి. 15 లీటర్ల బిందెలతో కొలిస్తే దాదాపు 245 బిందెలు! పాతకాలపు 60 వాట్ల బల్బు ఈ యూనిట్ ను 17 గంటలు నిండకముందే ఖర్చు చేస్తుంది. అందులో నూటికి 90 పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపం దాదాపు అంతే వెలుగు ఇస్తూ, అదే యూనిట్ తో 100 గంటలు వెలుగుతుంది.

నీరైతే మళ్లీ వానగా వస్తుంది. బొగ్గు సంగతి అలా కాదు. సింగరేణి గనుల్లోని బొగ్గు 25 కోట్ల సంవత్సరాల కిందటి అడవులు దాచిపెట్టిన ఎండ. దాన్ని మండిస్తే ఒక్క పూటలో అయిపోతుంది. పైగా వెలువడే బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని పెంచుతుంది. అందుకే ఇవాళ ఎండనూ గాలినీ నేరుగా విద్యుత్తుగా మార్చే సాధనాలను విరివిగా నెలకొల్పుతున్నారు.

పగటివేషగాడు చివరిరోజున వేషం తీసి, సంభావన పుచ్చుకుని ఊరు విడిచేవాడు. ఏడాది తిరిగితే మళ్లీ వచ్చేవాడు. కాని మన శక్తి చివరకు వేడి వేషంలో ఊరు దాటిందంటే, పిలిచినా తిరిగి రాదు. పిల్లలూ, ఈ రాత్రి గదిలో నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆ 245 బిందెలను ఒక్కసారి గుర్తు చేసుకోండి. నాన్న కేక వెయ్యకముందే మీ చెయ్యి స్విచ్చి మీదికి పోతుంది!