వింత పండుగలు – యాత్రికుని కళ్ళతో



మన పెండ్లిమర్రి మండలంలో శివరాత్రి అంటే పొలతల తిరునాళ్ళే. చిన్నప్పటి నుండి చూస్తున్నాం కాబట్టి మనకందులో వింతేమీ కనిపించదు. దూరం నుండి వచ్చిన యాత్రికునికి మాత్రం అన్నీ వింతగానే ఉంటాయి. అలాగే ఇతరుల పండుగలు మనకు వింత. అలాంటి కొన్నింటిని గురించి తెలుసుకుందాం.

స్పెయిన్ దేశంలో వలెన్సియా నగరం దగ్గర బున్యోల్ అనే చిన్న ఊరుంది. ఏటా ఆగస్టు నెల చివరి బుధవారం అక్కడ జనం వీధుల్లో చేరి ఒకరిపై ఒకరు టమోటాలు విసురుకుంటారు. దీన్ని 'లా తొమాతినా' అంటారు. 1945లో కొందరు కుర్రవాళ్ళ తగాదాతో ఇది మొదలైందని చెబుతారు. ప్రభుత్వం నిషేధించినప్పుడు, 1957లో ఊరివాళ్ళు శవపేటికలో టమోటాను పెట్టి ఊరేగించి నిరసన తెలిపారు. ఇప్పుడు నూరు టన్నులకు పైగా టమోటాలు లారీల్లో వస్తాయి.

ఈ సంగతి చెబితే మా నాయన నవ్వి, "టమోటాలు పారబోసేదానికి పండగ యాలరా? ధర పడిపోతే మదనపల్లె దారిలో మనోళ్ళు పారబోసేది సూల్లేదా?" అన్నాడు. బడి ముఖం చూడని మా నాయన ఒక్క మాటతో నన్ను ఆలోచనలో పడేశాడు.

మరి మన దగ్గర అలాంటి పండుగలు లేవా? ఎందుకు లేవు! ఉగాది నాడు దేవుని కడపలో ముస్లిం సోదరులు బారులు తీరి వేంకటేశ్వరుని దర్శించుకుంటారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని వారి నమ్మకం. ఒక ఏడాది అది చూసి, మరునాడు మిత్రునితో కలిసి కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలకు వెళ్ళాను. అక్కడ ఊరు రెండు వర్గాలుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామి, కాళికాదేవిల ప్రేమ తగవే దీనికి మూలమట. గాలి నిండా పిడకల దుమ్ము! దెబ్బ తగిలినవారు గుడికి వెళ్ళి విభూతి పూసుకుంటారు. ఆ తర్వాత దేవునికి కల్యాణం. అంతవరకూ కొట్టుకున్నవారే పక్కపక్కన నిలబడి అక్షింతలు వేస్తారు.

అదే జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టులో దసరా అర్ధరాత్రి బన్ని ఉత్సవం జరుగుతుంది. మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం తర్వాత దివిటీల వెలుగులో ఊరేగింపు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వారు విగ్రహాలకు కాపుగా నిలిస్తే, మిగతా ఊళ్ళవారు వాటి కోసం కర్రలతో తలపడతారు. ఏటా ఎందరికో తలలు పగులుతాయి. కొన్నేళ్ళు ప్రాణాలు కూడా పోయాయి. యూనివర్సిటీలో నా రూమ్మేట్‌ది ఆ ప్రాంతమే. వాళ్ళన్న తన తలపైన మచ్చను గర్వంగా చూపిస్తాడు. కానీ వాళ్ళమ్మ మాత్రం దసరా రాత్రి కన్ను మూయదు.

ఆచారాన్ని మూర్ఖత్వం అని ఎగతాళి చేయడం తేలిక. అందులో పుట్టినవారికి అది ఊరి గౌరవం. అయితే బున్యోల్ వారు ఏం చేశారో చూడండి. టమోటాను చేతిలో చిదిమిన తర్వాతే విసరాలి. ఒక గంట అయ్యాక, రెండోసారి చప్పుడు వినగానే ఆపేయాలి. 2013 నుండి టికెట్ పెట్టి సుమారు 20,000 మందినే రానిస్తున్నారు. నియమాలు పెట్టినందువల్ల పండుగ పోలేదు. అలాగే దేవరగట్టు కర్రలకు తొడిగే ఇనుప రింగులు తీసేస్తే స్వామికి లోటేమీ రాదు కదా!

ఈ మాట బయటి నుండి వచ్చిన పోలీసులు చెబితే ఊరు వినకపోవచ్చు. ఆ ఊళ్ళో పుట్టి నాలుగక్షరాలు నేర్చినవాడు చెబితే వింటుంది. తమ్ముళ్ళారా! రేపు మీరు చదువుకుని మీ ఊళ్ళకు వెళ్ళినప్పుడు, ఒక్కరోజు యాత్రికుని కళ్ళతో మీ పండుగను చూడండి. మంచిని నిలబెట్టండి. అమ్మల చేత కంటతడి పెట్టించేదాన్ని మార్చండి. చదువుకు సార్థకత అదే.